ఎర్రచందనం కాదు, ఎండాకాలం: తిరుపతిలో చేత్తో గిటార్ చేయడం వెనక లెక్కలు

తిరుపతిలో ఎవరితోనైనా "గిటార్లు చేయడం నేర్చుకుంటున్నా" అని చెప్పి చూడండి. రెండో మాట ఎర్రచందనం గురించే వస్తుంది. శేషాచలం కొండల కింద బతికే ఊరు కదా, రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. జపాన్‌లో షమిసెన్ అనే మూడు తీగల వాద్యం మెడకి ఈ చెక్క వాడతారని టీ బంకు దగ్గర కూడా చెప్తారు, అది నిజం కూడా. దాంతో గిటార్‌కి కూడా ఎర్రచందనం పడితే చాలు, మోత మోగిపోతుందని ఒక నమ్మకం బలంగా నాటుకుపోయింది.

ముందు చట్టం సంగతి తేల్చేద్దాం. ఎర్రచందనం 1995 నుంచి సైటిస్ ఒప్పందం, అంటే అంతరించే ప్రమాదమున్న చెట్లు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం, రెండో అనుబంధంలో ఉంది. మన రాష్ట్రంలో అటవీ శాఖ పర్మిట్ లేకుండా దాన్ని ఇంట్లో పెట్టుకున్నా, బండి మీద తీసుకెళ్లినా కేసే. "మా బావమరిదికి తెలిసినవాళ్ల దగ్గర ఒక ముక్క ఉంది" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోవడం మంచిది. గిటార్ సంగతి తర్వాత, లాయర్ ఫీజు లెక్క వేసుకోవాల్సి వస్తుంది.

ఇక పనితనం పరంగా చూసినా ఆ నమ్మకం తప్పు చోట మొదలవుతోంది. గిటార్ గొంతుని తేల్చేవాటిలో చెక్క జాతి ముందు వరుసలో లేదు. పై పలక ఎంత పల్చగా ఉంది, దాని కింద అతికించిన కర్రలు ఎంత బిగువుగా ఉన్నాయి, వాటిని అతికించిన రోజున చెక్కలో ఎంత తేమ ఉంది అనేవి ముందుంటాయి. చివరిది మన జిల్లాలో అన్నిటికన్నా ముందుంటుందని నా అభిప్రాయం.

1862లో స్పెయిన్‌లో ఆంటోనియో డి టొర్రెస్ అనే ఆయన ఒక గిటార్ చేశాడు. ఇప్పటి క్లాసికల్ గిటార్ కొలతలన్నీ దాదాపు ఆయన పెట్టినవే. ఆ ఒక్క గిటార్‌కి మాత్రం వెనక పలక, పక్క పట్టీలు అట్టతో చేసి, పై పలక ఒక్కటే మంచి స్ప్రూస్ చెక్కతో వేశాడు. శబ్దం పుట్టేది పై పలకలోనే అని నిరూపించడానికి చేసిన పని అది. బార్సిలోనాలోని సంగీత మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. వెనక, పక్కల చెక్కకి అసలు పాత్ర లేదని దీని అర్థం కాదు. బరువైన, గట్టి చెక్క వెనక ఉంటే శబ్దం ఒక తీరుగా, తేలికైన చెక్క ఉంటే ఇంకో తీరుగా వస్తుంది. కానీ అది కూర అయ్యాక వేసే తాలింపు లాంటిది, కూర పై పలకే.

తీగ ఒక్కటే మోగితే పక్క గదిలోకి కూడా వినబడదు. సన్నటి తీగ గాలిని కోసుకుంటూ పోతుందే తప్ప నెట్టలేదు. తీగ కదలికని బ్రిడ్జ్, అంటే పై పలక మీద తీగల చివర్లు బిగించే చెక్క ముక్క, పట్టుకుని పై పలకకి ఇస్తే, అంత వెడల్పు పలక పైకీ కిందికీ ఊగి గాలిని నెడుతుంది. ఆ పలక ఎంత తేలిగ్గా ఊగితే అంత బాగా మోగుతుంది. అయితే అదే పలక మీద ఆరు స్టీల్ తీగలు రాత్రీ పగలూ లాగుతూ ఉంటాయి. మామూలు లైట్ గేజ్, అంటే సన్న రకం, తీగలకి ఆ లాగుడు అన్నీ కలిపి 70 కిలోల పైమాటే. ఒక మనిషి బరువు. మూడు మిల్లీమీటర్లు కూడా లేని పలక ఆ బరువుని ఏళ్ల తరబడి మోయాలి, మళ్లీ వేలి గోరు తాకితే వణకాలి. మోసేలా చేస్తే మూగబోతుంది. వణికేలా చేస్తే రెండేళ్లలో బ్రిడ్జ్ దగ్గర ఉబ్బి వంగిపోతుంది. ఈ రెండిటి మధ్య ఎక్కడ ఆగాలో తెలుసుకోవడమే నేర్చుకునేవాడి పని అంతా.

శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో చెక్క శిల్పాలు చెక్కే కుటుంబాలున్నాయి. చుట్టుపక్కల ఊళ్లలో తలుపులకి, మంచాలకి పేరు పడ్డ వడ్రంగులున్నారు. ఉలి పట్టడం, పదును పెట్టడం, చెక్క నార ఎటు పోతుందో చూపుతోనే చెప్పడం వాళ్ల దగ్గర నేర్చుకోవాలి, యూట్యూబ్‌లో కాదు. కానీ వాళ్ల విద్య అంతా చెక్క కదలకుండా, కిర్రుమనకుండా, మనవడి కాలం దాకా నిలబడేలా చేయడం. పలకని చిత్రిక పట్టి పట్టి పల్చన చేస్తుంటే చంద్రగిరిలో ఒక పెద్ద మేస్త్రీ చూడలేక అడిగేశాడు: "ఇంత పల్చగా తోస్తే నిలబడతాదా నాయనా?" నిలబడాల మేస్త్రీ అన్నాను. "అయితే కింద పెట్టే కర్రలు కోసేవి కాదు, సీల్చి తీయాల. నార తెగితే బలం పోతాది" అన్నాడు. గిటార్ చేయకపోయినా ఆయన చెప్పింది అక్షరాలా సరైన మాట. రంపం గీత నారని అడ్డంగా తెంచుతుంది. గొడ్డలితో చీల్చితే చెక్క తన నార వెంటే విడిపోతుంది. లోపలి కర్రలకి అలాంటి ముక్కే కావాలి.

ఇప్పుడు ఆ పల్చన లెక్క. ఏ పలక బిగువైనా, అంటే వంగకుండా నిలిచే గుణం, దాని మందం ఘనంతో (మందం × మందం × మందం) పెరుగుతుంది, తగ్గుతుంది. 3 మిల్లీమీటర్ల పలకని 2.7కి తెస్తే మందం పోయింది పదో వంతే, బిగువు మాత్రం 27 శాతం పోతుంది. లోపలి కర్రలకీ ఇదే సూత్రం. 15 మిల్లీమీటర్ల ఎత్తున్న కర్ర మీద ఒక్క మిల్లీమీటరు గీరితే దాదాపు 19 శాతం బిగువు తగ్గుతుంది, బరువు తగ్గేది ఏడు శాతం లోపే. అందుకే చివర్లో చిత్రిక పక్కన పెట్టి స్క్రేపర్, అంటే గీరే ఉక్కు రేకు, పట్టుకుంటారు. ఊదితే ఎగిరిపోయేంత పొట్టు తీసినా తేడా చేతికి తెలుస్తుంది.

స్ప్రూస్ పై పలకలు మామూలుగా రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్ల మధ్య ఆగుతాయి. అలాగని పుస్తకంలో 2.8 అని ఉందని 2.8 దగ్గర ఆగితే లాభం లేదు. ఒకే దుంగలోంచి వచ్చిన రెండు పలకలు కూడా ఒకేలా ఉండవు, ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా ఉంటుంది. కాబట్టి పలకనే అడగాలి. పలక పొడవులో చివరి నుంచి 22 శాతం దగ్గర, అంటే నాలుగో వంతు కన్నా కాస్త ఇవతల, అంచుని రెండు వేళ్లతో వదులుగా పట్టి వేలాడదీసి మధ్యలో తట్టాలి. మోగేటప్పుడు కదలని చోటు అదే కాబట్టి వేళ్లు శబ్దాన్ని ఆపవు. మందంగా ఉన్నప్పుడు టక్కుమంటుంది. పల్చబడే కొద్దీ స్వరం కిందికి దిగుతూ, మోత ఎక్కువసేపు నిలుస్తుంది. చెవి మీద నమ్మకం లేనివాళ్లు రెండు ఆధారాల మీద పలకని పెట్టి, మధ్యలో ఒక తూకపు రాయి ఉంచి, ఎంత కుంగిందో డయల్ గేజ్‌తో చూసి నోట్‌బుక్‌లో రాసుకుంటారు. నా ఓటు రెండోదానికే. చెవి అనుభవం మీద వస్తుంది, కొలత మొదటి రోజు నుంచే వస్తుంది. పైగా ఈ గిటార్‌లో బాగా కుదిరింది వచ్చే గిటార్‌లోకి తీసుకెళ్లాలంటే అంకె కావాలి.

లోపలి కర్రల అమరికలో స్టీల్ తీగల గిటార్లకి ఎక్స్ ఆకారమే ఇప్పటికీ రాజు. 1833లో జర్మనీ నుంచి అమెరికా వెళ్లిన సి.ఎఫ్. మార్టిన్ 1840ల నాటికే ఆ అమరిక వాడాడు. అప్పట్లో పేగు తీగలు. తర్వాత స్టీల్ తీగలు వచ్చినప్పుడు ఆ బరువు మోయడానికి అదే పనికొచ్చింది. మొదటి గిటార్‌కే కొత్త అమరిక కనిపెట్టాలని చూసేవాళ్లు ఉంటారు. వద్దు.

ఫ్యాక్టరీ గిటార్ ఉండగా చేత్తో ఎందుకు అనే ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది. ఫ్యాక్టరీలో ప్రతి పలకనీ ఒకే మందానికి తోస్తారు. వాటిలో అన్నిటికన్నా మెత్తటిది కూడా వంగకుండా, వారంటీలో వెనక్కి రాకుండా ఉండాలి కాబట్టి ఆ మందం ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉంటుంది. చేత్తో చేసేవాడు ఆ పలక ఒప్పుకున్నంత దాకా వెళ్లగలడు. తేడా అంతే. చేత్తో చేసినంత మాత్రాన గొప్పదైపోదు, కొలవకుండా చేసిన చేతి గిటార్ కన్నా మామూలు ఫ్యాక్టరీ గిటారే నయం.

తేమ దగ్గరికి వద్దాం. చెక్క చచ్చాక కూడా గాలిలోని తేమని పీల్చుకుంటూ, వదులుతూ ఉంటుంది. గాలిలో తేమ 30 శాతం ఉంటే చెక్కలో తేమ 6 శాతం దగ్గర ఆగుతుంది. 50 ఉంటే 9, 80 ఉంటే 16 దాకా పోతుంది. తేమ పెరిగితే చెక్క వెడల్పులో ఉబ్బుతుంది, తగ్గితే వెడల్పులో కుదించుకుపోతుంది. నార వెంట, అంటే పొడవులో, దాదాపు కదలదు. ఇబ్బంది అంతా ఈ తేడాతోనే.

తిరుపతి, చిత్తూరు వాతావరణం చూడండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల ముసురు, ఆరేసిన బట్టలు రెండు రోజులకి కూడా ఆరవు. ఏప్రిల్, మే వచ్చేసరికి 40 డిగ్రీలు దాటి, మధ్యాహ్నం గాలి గొంతు ఎండబెట్టేస్తుంది. ఇప్పుడు ఒకాయన నవంబర్‌లో ఉత్సాహంగా పై పలక కింద కర్రలు అతికించాడనుకుందాం. చెక్కలో తేమ 14 శాతం ఉంది. పలక వెడల్పు 40 సెంటీమీటర్లు. మే నెలకి తేమ 8కి దిగింది. ఏటి వలయాలు నిలువుగా ఉండేలా కోసిన స్ప్రూస్, తేమ ఒక్కో శాతం తగ్గినప్పుడు వెడల్పులో సుమారు 0.14 శాతం కుదించుకుంటుంది. ఆరు శాతానికి లెక్క వేస్తే మూడు మిల్లీమీటర్లు దాటుతుంది. పలక మూడు మిల్లీమీటర్లు చిన్నది కావాలనుకుంటోంది. కానీ దాని కింద అడ్డంగా అతికించిన కర్రలు తమ పొడవులో కదలవు, చుట్టూ పక్క పట్టీలు వదలవు. ఆ మూడు మిల్లీమీటర్లు ఎక్కడో ఒక చోట బీటగా బయటపడాల్సిందే. బ్రిడ్జ్ కింది నుంచి తోక దాకా, నార వెంట, గీత గీసినట్టు చీలుతుంది.

దీనికి ఉల్టాగా మరీ పొడి రోజుల్లో అతికించినది వానాకాలంలో ఉబ్బుతుంది. పై పలక గుమ్మటంలా లేచి తీగలు ఎత్తుగా అవుతాయి, వాయించేవాడి వేళ్లు నొప్పెడతాయి. కానీ చీలదు. రెండిటిలో ఒకటి ఎంచుకోవాలంటే పొడి వైపే మొగ్గాలి. ప్రపంచంలో చాలామంది గిటార్ మేస్త్రీలు తమ గదిని 40 నుంచి 50 శాతం తేమ మధ్య ఉంచుకునేది ఇందుకే. మన ఊళ్లో ఆ గాలి వేసవి ముందు నెలల్లో కొన్ని పూటలు దానంతట అదే దొరుకుతుంది. మిగతా రోజుల్లో చిన్న గదికి ఏసీనో, డీహ్యుమిడిఫయరో పెట్టుకుని తెచ్చుకోవాలి. ఎయిర్ కూలర్ మాత్రం ఆ గదిలోకి రాకూడదు. కూలర్ చల్లబరిచేదే గాలిలోకి నీటిని ఎక్కించి. మే నెలలో చెమట ఓర్చుకోలేక కూలర్ ముందు కూర్చుని కర్రలు అతికించడమంటే, ఇంట్లోకి నవంబర్‌ని పిలిచి కూర్చోబెట్టుకోవడమే.

తేమని కొలిచే డిజిటల్ హైగ్రోమీటర్లు ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుతాయి. చవకవి ఐదారు శాతం తప్పు చూపించడం మామూలే. పరీక్ష వంటింట్లోనే అవుతుంది. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దలా అయ్యేంత వరకే నీళ్లు కలిపి, ఆ మూతనీ మీటర్‌నీ మూత గట్టిగా పడే డబ్బాలో ఒక రోజు ఉంచాలి. తడి ఉప్పు మీద గాలి 75 శాతం తేమ దగ్గర నిలుస్తుంది. మీటర్ 69 చూపిస్తే ఆరు తక్కువ చూపిస్తోందని దాని వెనక రాసుకోవాలి. చెక్క కొనేముందు కొనాల్సిన మొదటి వస్తువు ఇదే అంటాను.

వానాకాలంలో చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మెడ చెక్కడం, అచ్చులు చేసుకోవడం, పక్క పట్టీలు వంచడం లాంటివన్నీ అప్పుడు చేసుకోవచ్చు. పట్టీలు రెండు మిల్లీమీటర్ల చెక్కలే కాబట్టి కాస్త తడిపి, వేడెక్కిన ఇనప గొట్టం మీద ఆనించి మెల్లగా ఒత్తితే వంగుతాయి. చేతికి తెలుస్తుంది, చెక్క ఒక్కసారిగా మెత్తబడి లొంగుతుంది. అంతకు ముందే బలవంతం చేస్తే టప్పుమని విరుగుతుంది. వంచినవాటిని అచ్చులో బిగించి వదిలేసి, అతికించే పని మాత్రం పొడి రోజులకి ఉంచుకోవాలి.

మరి చెక్క ఎక్కడిది? పై పలకకి స్ప్రూస్, వెస్టర్న్ రెడ్ సెడార్ బయటి దేశాల నుంచి తెప్పించుకోవాల్సిందే. ముడి లేకుండా, నార వంకర లేకుండా, 20 సెంటీమీటర్ల వెడల్పులో నిలువు కోత పలకల జత మన టింబర్ డిపోల్లో కనబడదు. వెనక, పక్కలకి మాత్రం దిక్కులు చూడక్కర్లేదు. ప్రపంచంలో పేరున్న గిటార్లలో వెనక కనిపించే ముదురు చెక్క చాలావరకు మన దక్షిణాది రోజ్‌వుడ్డే, తెలుగులో జిట్రేగి. మార్టిన్ కంపెనీ 1969లో బ్రెజిల్ రోజ్‌వుడ్ నుంచి దీనికే మారింది. 2017లో ఈ జాతి మొత్తం సైటిస్ జాబితాలోకి వచ్చినప్పుడు వాద్యకారులు విమానం ఎక్కడానికి కూడా జంకారు. పూర్తిగా తయారైపోయిన వాద్యాలకి 2019లో మినహాయింపు ఇచ్చారు. బిల్లు లేని రోజ్‌వుడ్ మాత్రం కొనొద్దు.

నాకు ఆసక్తి అనిపించేది మామిడి. చిత్తూరు జిల్లాలో ముసలి తోటలు తీసేసినప్పుడల్లా దుంగలు వంటచెరకుకీ, ప్యాకింగ్ పెట్టెలకీ పోతున్నాయి. హవాయి దీవుల్లో అదే మామిడితో ఉకులేలేలు, గిటార్లు చేస్తారు. తేలిగ్గా, మధ్యస్థం బిగువుతో, ఒక్కోసారి బంగారు, బూడిద చారలతో చూడముచ్చటగా ఉంటుంది. తంటా పురుగుతో. మామిడిని కొట్టిన వెంటనే కోయించి, బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు పట్టించి, పలకల మధ్య గాలాడేలా పుల్లలు పెట్టి నీడన ఆరేయాలి. దుంగని వాన నీళ్లలో వదిలేస్తే నీలి మచ్చ, వెంటే పుచ్చు. పనస కూడా బాగుంటుంది. బొబ్బిలి వీణ పుట్టింది దానితోనే కాబట్టి మోత గురించి ఎవరూ సందేహించరు. టేకులో నూనె ఎక్కువ, అతికించే ముందు అసిటోన్‌తో తుడవకపోతే జిగురు పట్టదు. పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే దూలాలు దశాబ్దాలుగా ఆరినవి కాబట్టి దొరికితే వదలకండి. మేకులు మాత్రం వెతికి పీకాలి, లేకపోతే కోత మిల్లు ఆయన మళ్లీ గుమ్మంలోకి రానివ్వడు.

జిగురు గురించి ఒక్క మాట. మామూలు తెల్ల జిగురు అల్మారాకి చాలు. కానీ ఎప్పుడూ లాగుతూ ఉండే బరువు కింద, అందులోనూ వేసవిలో ఎండలో ఆపిన కారు లోపల, అది మెత్తబడి కొద్దికొద్దిగా జారుతుంది. బ్రిడ్జ్ దగ్గరా, మెడ దగ్గరా గట్టిగా ఎండే వుడ్ గ్లూ గానీ, వేడి చేసి పూసే తోలు జిగురు గానీ వాడాలి.

మెట్ల దగ్గర వీణకీ గిటార్‌కీ దారులు వేరవుతాయి. వీణకి 24 మెట్లూ మైనంలో కూర్చుంటాయి. మేళం కట్టే ఆయన చెవితో విని ఒక్కోదాన్నీ జరుపుతాడు, కొన్నేళ్లకి మళ్లీ కట్టించుకోవచ్చు. గిటార్‌లో రంపంతో గాడి కోసి లోహపు మెట్టు దిగ్గొడతారు, ఇక అది అక్కడే. అందుకే అక్కడ లెక్క తప్పకూడదు. నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) నుంచి శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే పట్టీ) దాకా తీగ పొడవు 650 మిల్లీమీటర్లు అనుకోండి. దాన్ని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం 36.48 వస్తుంది. మిగిలిన పొడవుని మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండో మెట్టు, అలా పన్నెండో మెట్టు సరిగ్గా సగానికి, 325 దగ్గరికి వస్తుంది. ఒక్కో దూరాన్నీ పక్క మెట్టు నుంచి కొలుచుకుంటూ పోతే చిన్న తప్పులు కూడుకుంటాయి. అన్నిటినీ నట్ నుంచే కొలవాలి.

ఇంత కచ్చితంగా చేసినా, సంగీత కళాశాలలో కర్ణాటక సంగీతం నేర్చుకున్న చెవికి గిటార్‌లో గాంధారం కొంచెం ఎక్కువగా పలుకుతున్నట్టు అనిపించవచ్చు. ఆ చెవి తప్పు వినడం లేదు. పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరాన్ని వంద భాగాలనుకుంటే, సహజమైన అంతర గాంధారం షడ్జమం నుంచి 386 దగ్గర ఉంటుంది, గిటార్ మెట్టు 400 దగ్గర ఉంటుంది. అన్ని శ్రుతుల్లోనూ ఒకేలా వాయించగలగడం కోసం గిటార్ ఆ 14 భాగాల తేడాని కావాలనే మోస్తోంది. గిటార్ కొనడానికి వచ్చినాయన "శ్రుతి సరిగ్గా లేదు" అంటే వెంటనే మెట్లు పీకకుండా, ఆయన ఏ స్వరం దగ్గర ఆగాడో అడగాలి.

అసలు తప్పు వేరే చోట ఉండొచ్చు. తీగని మెట్టుకి అదిమినప్పుడు అది కాస్త సాగి, స్వరం పైకి పోతుంది. దాన్ని సరిచేయడానికి శాడిల్‌ని లెక్కకి వచ్చిన చోటు కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి, లావు తీగ వైపు ఇంకాస్త ఎక్కువగా, వాలుగా పెడతారు. బ్రిడ్జ్ అతికించాక ఇది మార్చడం నరకం. కాబట్టి ముందే రెండు చివరి తీగలు తాత్కాలికంగా బిగించి, పన్నెండో మెట్టు దగ్గర విని చూసుకోవడం మేలు.

తీగలన్నీ ఎక్కించాక కూడా గిటార్ కొన్ని వారాల పాటు సర్దుకుంటూనే ఉంటుంది. పై పలక బ్రిడ్జ్ వెనక కొంచెం లేస్తుంది, మెడ ఒక వెంట్రుకంత ముందుకి వస్తుంది. అందుకే శాడిల్ ఎత్తు మొదటి రోజే ఖరారు చేయకూడదు. పన్నెండో మెట్టు దగ్గర లావు తీగ ఎత్తు రెండున్నర మిల్లీమీటర్లకి లోపు, సన్న తీగ రెండుకి లోపు ఉంటే చేతికి హాయి. శాడిల్‌ని ఒక మిల్లీమీటరు దించితే అక్కడ అర మిల్లీమీటరు దిగుతుంది. మన ఊరి వాతావరణానికి ఒక గిటార్‌కి రెండు ఎముక శాడిళ్లు చేసి ఇవ్వడమే సరైన పద్ధతి. వేసవిలో పై పలక కుంగి తీగలు మెట్లకి తగిలి బర్రుమంటాయి కాబట్టి కాస్త ఎత్తుది, వానాకాలంలో అది లేస్తుంది కాబట్టి కాస్త పొట్టిది. రెండో దాన్ని చిన్న కవర్లో వేసి, మీద "అక్టోబర్" అని రాసి కేసులో పెట్టేస్తే, తీగలు మార్చుకునే రోజున కొన్నాయనే మార్చుకుంటాడు.